కాశీలో వదిలిన కూర

బ్యాగులో నాలుగు చీరలు పెట్టాను. వారానికి నాలుగెందుకు నానమ్మా అంది నా మనవరాలు సాహితి. వారమని వెళ్ళినవాళ్ళు వారానికే వస్తారని ఏముంది అన్నాను. బీపీ మాత్రలు, కళ్ళజోడు, అది పగిలితే ఇంకో కళ్ళజోడు, చదువుకోవడానికి రెండు పాత వారపత్రికలు, అన్నయ్యకి సీసాలో కొత్త మాగాయ. గ్యాసు కట్టేశానో లేదో చూసుకోవడానికి మూడుసార్లు తాళం తీశాను. వీధిలో ఆటో అతను, "బాపట్ల ఎక్కడికీ పోదు మామ్మగారూ, నిదానంగా రండి" అన్నాడు. తెనాలి గంగానమ్మపేటలో ఆటోవాళ్ళందరికీ నా సంగతి తెలుసు.

బ్యాగు జిప్పు లాగేటప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. నాకు పదహారేళ్ళప్పుడు, కొల్లూరులో, మా అక్క ప్రమీలారాణి సంచి సర్దుకుంది. సంచి మూతి మూసుకోకపోతే నా జడ రిబ్బను విప్పి కట్టుకోమని ఇచ్చాను. తెనాలిలో స్నేహితురాలి పెళ్ళి, ఎల్లుండి వచ్చేస్తానంది. మా ఊరి బడికి వచ్చిన లూకా మాస్టారితో వెళ్ళిపోయిందని మర్నాడు సాయంత్రానికి ఊరంతా తెలిసింది. వేరే కులం, వేరే మతం. నాన్న ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు. ఎవరం ఎత్తలేదు.

ఇక ఈ వేసవి సంగతి. మా అన్నయ్య పాండురంగారావుకి ఎనభై రెండు. వ్యవసాయ కాలేజీలో ఉద్యోగం చేసి, రిటైరై, బాపట్లలోనే ఇల్లు కట్టుకున్నాడు. రెండేళ్ళుగా ఆయనకి ఒకటే పని, మా వంశవృక్షం. పాత దస్తావేజులు, శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు ముందేసుకుని ఏడు తరాలు పట్టుకున్నాడు. శ్రావణంలో మా ఇంటిపేరు వాళ్ళందరూ ఒకచోట కలవాలని అనుకున్నారు. ఆ రోజుకి పుస్తకం అచ్చువేసి పంచాలి. మే నెలాఖరుకల్లా కాయితాలు ఇచ్చెయ్యమని తెనాలి ప్రెస్సువాళ్ళు చెప్పారు. సాహితికి ఆ నెల ఇంటి నుంచే ఉద్యోగం కావడంతో, కంప్యూటర్లో ఎక్కించి పెడతానని ఒప్పుకుంది. నన్ను జ్ఞాపకాలకని తీసుకెళ్ళింది.

మొదటి రోజే అన్నయ్యకీ సాహితికీ పేచీ వచ్చింది. మగవాళ్ళ పేర్ల కింద పొలాలు, చదువులు, ఉద్యోగాలు రాసి ఉన్నాయి. ఆడవాళ్ళ పేర్ల కింద, ఆడపిల్లలైతే ఏ ఊరు ఇచ్చారో తప్ప, ఏమీ లేదు. పైతరాల్లో పేర్లే లేవు. "రామయ్య భార్య" అని ఉంది ఒకచోట.

"ఈవిడ ఏం చేసేది తాతయ్యా?"

"ఏం చేస్తుంది? వంట చేసేది."

"అయితే అదే రాద్దాం. ఏం బాగా వండేదో."

"ఇది వంశవృక్షమా, వంటల పుస్తకమా?" అన్నాడు అన్నయ్య.

కానీ రాయడం మొదలుపెట్టాక ఆయనే ఆగలేదు. రామయ్య భార్య పేరు ఎవరికీ తెలియదు గానీ ఆవిడ పెసర పునుకులు వేస్తే పక్కవీధి వాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళని మా జేజమ్మ చెప్పేది. మా మేనత్త సున్నుండ చేస్తే నెయ్యి మోచేతిదాకా కారేది. మా పెద్దమ్మ ఏటా ఆరు జాడీల ఊరగాయ పెట్టేది, అయిదు బూజు పట్టేవి. అది కూడా రాయమన్నాడు అన్నయ్య, నిజం రాయాలి కదా అని. మూడు రోజులు వసారాలో ఫ్యాను కింద కూర్చుని చచ్చిపోయినవాళ్ళ వంటలన్నీ మళ్ళీ తిన్నాం.

నాలుగో రోజు మా అమ్మ దగ్గరికి వచ్చాం. సీతారావమ్మ, భర్త కోటయ్య. ఏం రాయమంటారంది సాహితి. "అరటిపువ్వు ఆవకూర" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

"నా జన్మలో మీరెవరూ అది వండగా చూళ్ళేదే" అంది సాహితి.

వండం. అమ్మ దాన్ని కాశీలో వదిలేసింది. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కూర ఒకటి, పండు ఒకటి గంగలో వదిలేసి వస్తారు, జన్మలో మళ్ళీ ముట్టరు. అక్క వెళ్ళిన రెండో ఏట, మాఘమాసంలో, అమ్మ బాపట్ల చుట్టాల బృందంతో కాశీ వెళ్ళింది. అన్నయ్యే తెనాలి స్టేషన్ దాకా తీసుకెళ్ళి రైలెక్కించాడు. పద్దెనిమిది రోజులకి వచ్చింది. మూత అతికించిన గంగ చెంబులు రెండు తెచ్చింది, మా అందరి చేతులకీ కాశీ తాళ్ళు కట్టింది. కూరేది వదిలావంటే అరటిపువ్వు అంది. పండేదంటే ఒకసారి సీతాఫలమంది, ఇంకోసారి రేగిపండంది. వయసు మీద పడుతోంది, మర్చిపోయిందనుకున్నాం. అప్పటికి ఆమెకి యాభై కూడా లేవు.

మా కొల్లూరు లంకల్లో అరటిపువ్వుకి కరువా? గెల దిగాక విరిచి గేదెలకి పడేసేవాళ్ళం. అయినా ఆ రోజు నుంచి మా ఇంటి పొయ్యి మీద అది ఎక్కలేదు. అమ్మ తిననిది మనమెలా తింటామని వదిన వండలేదు. పుట్టింటి నియమమని తెనాలిలో నేనూ వండలేదు. యాభై ఆరేళ్ళు.

"వదిలింది ఆవిడ కదా, మీరెందుకు మానేశారు?" అంది సాహితి. నా కళ్ళు కాయితం మీద ఉన్నాయి. ఆ పేజీ కింద అన్నయ్య చేతిరాతలో "సంతానం: ఇద్దరు" అని ఉంది. నేను మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. పచారీ కొట్టు పొట్లాల కాయితాలు విప్పి విప్పి చదవడం నేర్చుకున్నాను. సగం కథ ఒక పొట్లంలో, మిగతా సగం ఎప్పటికీ దొరకని పొట్లంలో ఉండేది. అందుకని చదివిందేదైనా నాకు కళ్ళ ముందు నిలబడిపోతుంది. ఆ రాత్రి లేచి ఆ కాయితం మళ్ళీ చూశాను.

పొద్దున కాఫీ దగ్గర అడిగాను. యాభై ఎనిమిదేళ్ళలో అడగడం అదే మొదలు.

"అన్నయ్యా, ముగ్గురని రాయవా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. నాన్న పేరు కింద ఎవర్ని రాయాలో నాన్న చెప్పే పోయాడన్నాడు. అచ్చయి అందరి ఇళ్ళకీ వెళ్ళే పుస్తకమన్నాడు. పాత సంగతులు ఒకటి లాగితే ఇంకోటి వస్తుంది, ఊరుకో వసూ అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేది, నేనూ గట్టిగా అనేదాన్ని.

సాహితికి అంతా చెప్పాను. లూకా మాస్టారు తర్వాత రేపల్లె బడికి మారారని మాత్రం ఎప్పుడో విన్నాను. "రేపల్లె తెనాలికి గంట ప్రయాణం నానమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదా?" అంది. మొదట నాన్నకి భయపడ్డానని చెప్పాను. తర్వాత మా అత్తగారికి, తర్వాత మీ తాతయ్యకి. వాళ్ళు ముగ్గురూ పోయాక ఎవరికి భయపడ్డావని అది అడగలేదు. అడిగి ఉంటే, అక్క తలుపు తీసి ఎవరు నువ్వు అంటుందని భయపడ్డానని చెప్పేదాన్ని.

ప్రెస్సుకి ఇవ్వడానికి ఇంకా వారం ఉంది. సాహితి స్నేహితురాలిది రేపల్లె. ఆ పిల్ల రెండు రోజుల్లో ఫోను నంబరు పంపింది. లూకా మాస్టారి ఇల్లు రేపల్లెలో అందరికీ తెలుసట. ఆయన కూతురు బ్లెస్సీ, స్కూల్లో టీచరు. సాహితి ఫోన్ చేసింది. ఎవరి తాలూకో రెండుసార్లు చెప్పించుకుందట. తర్వాత, "పిన్ని అన్నం తింటుందా మా ఇంట్లో?" అని అడిగిందట. తింటుందని చెప్పానంది సాహితి. "ఏం వండుతావని అడగలేదే" అన్నాను. నాకు ఏం మాట్లాడాలో తెలియక అలా అన్నాను.

తెనాలిలో ఇంటి పని చూసుకుని వస్తామని అన్నయ్యతో చెప్పి బయల్దేరాం. బాపట్ల నుంచి తెనాలి, అక్కడ దిగి రేపల్లె రైలు. బ్యాగు నిండా ఏవేవో పెట్టాను, అక్క సైజు తెలియకపోయినా ఒక జాకెట్టు గుడ్డ, ఒక సీసా మాగాయ. దారిపొడుగునా సాహితి ఏదో చెప్పబోయి ఆగుతూనే ఉంది. రేపల్లె దగ్గరికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని చెప్పింది. పెద్దమామ్మ లేదు నానమ్మా, పదమూడేళ్ళయింది. ముందే చెబితే నువ్వు రైలెక్కవని చెప్పలేదు. 

నిజమే. ఎక్కేదాన్ని కాదు.

బ్లెస్సీకి యాభై ఆరు. గేటు దగ్గరే నిలబడి ఉంది. ఎడమ కనుబొమ మీద మచ్చతో సహా మా అక్క. "పిన్నిగారూ" అని, మళ్ళీ "పిన్నీ" అని, బ్యాగు అందుకుంది. హాల్లో గోడకి అక్క ఫోటో ఉంది. తెల్లజుట్టు, కళ్ళజోడు. నాకు తెలిసిన అక్కకి ఇరవై ఏళ్ళు. ఆ ఫోటోలో ఉన్నది నాకు మా అమ్మలాగే కనిపించింది.

లూకా మాస్టారు అంతకు రెండేళ్ళ ముందే పోయారట. అక్క తెనాలి వచ్చినప్పుడల్లా గంగానమ్మపేట మీదుగా నడిచేదట. "ఒకసారి నన్నూ తీసుకొచ్చింది పిన్నీ, అప్పుడు నాకు పదేళ్ళు. మీరు డాబా మీద వడియాలు పెడుతున్నారు. అదుగో మీ పిన్ని, వడియాలు మరీ దగ్గర దగ్గరగా పెడుతోంది, అతుక్కుపోతాయి అంది." నా వడియాలు ఆ రోజుల్లో నిజంగానే అతుక్కుపోయేవి. ఎందుకు పైకి రాలేదని అడగలేదు. నేను ఎందుకు వెళ్ళలేదో అందుకే.

అన్నానికి కూర్చున్నాం. పప్పు, చిక్కుడుకాయ వేపుడు. తర్వాత బ్లెస్సీ ఇంకో గిన్నె మూత తీసింది. మూత తీసీ తీయగానే ముక్కుకి ఆవ ఘాటు తగిలింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అరటిపువ్వు. తినరా పిన్నీ?"

"మా అమ్మ కాశీలో వదిలేసింది తల్లీ."

బ్లెస్సీ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "కొల్లూరు అమ్మమ్మా? అమ్మమ్మ కాశీ ఎప్పుడు వెళ్ళింది?"

అరవై ఎనిమిది మాఘమాసంలో అన్నాను.

"అప్పుడు ఇక్కడ ఉంది పిన్నీ. నేను ఆ ఫిబ్రవరిలోనే పుట్టాను. నన్ను మొదట ఎత్తుకుంది అమ్మమ్మే అని అమ్మ చెప్పేది. కాన్పుకి ముందే వచ్చి పద్దెనిమిది రోజులు ఉంది. వచ్చిన రోజు సంచిలోంచి రెండు అరటిపువ్వులు తీసి ఈ కూర వండిందట. అమ్మ నా ప్రతి పుట్టినరోజుకీ చేసేది. ఆవతో పాటు నాలుగు నానబెట్టిన బియ్యపు గింజలు, అల్లం ముక్క వేసి నూరాలి, అదీ అమ్మమ్మ చెప్పిందే."

నేను ముద్ద కలిపాను. ఆవ చేదెక్కలేదు. అల్లం వెనకాల తగిలింది. సాహితి నన్ను చూస్తోంది. రెండోసారి వేయమన్నాను.

సాయంత్రం బ్లెస్సీ మిగిలిన కూర చిన్న స్టీలు క్యారేజీలో పెట్టి ఇచ్చింది. తెనాలిలో దిగాక బాపట్ల బండికి గంట టైముంది. ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చున్నాను. అమ్మకి అక్షరం ముక్క రాదు. బస్సు మీద పేరు కూడా చదవలేదు. ఏ రైలు ఎటు పోతుందో ఆమెకి ఎవరు చెప్పారు? నాకు చదువొచ్చు. బోర్డు చదవగలను. ఇదే ఊళ్ళో యాభై అయిదేళ్ళుగా ఉన్నాను. ఆ గంటా అదే అనుకుంటూ కూర్చున్నాను.

బాపట్లలో అన్నయ్య అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. నేను కాళ్ళు కడుక్కుని, అన్నయ్య కోడలు సాయిసుధ చేతిలో గరిటె తీసుకుని, క్యారేజీలోంచి ఆయన కంచంలో ఓ మూల కూర పెట్టాను. ఏం కూరో చెప్పలేదు. సాయిసుధకి తెలియదు, ఆ ఇంట్లో అది ఎప్పుడూ చూడలేదు.

అన్నయ్య కంచం వంక చూశాడు. తర్వాత ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"ఆవ కాస్త ఎక్కువైంది. దాని చెయ్యి ఎప్పుడూ అంతే" అన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. "ఎలా ఉంది ప్రమీల?"

అక్క వండిందనుకున్నాడు. 

"అది వండలేదు అన్నయ్యా. దాని కూతురు వండింది."

ఆయన తల పైకెత్తలేదు. ఎప్పుడు పోయింది అని అడిగాడు. చెప్పాను. కంచంలో కూర అంతా తిన్నాడు, ఒక్క మెతుకు వదలకుండా. చెయ్యి కడుక్కుని వచ్చి వసారాలో కూర్చున్నాక మొదలుపెట్టాడు, కాయితాల వంక చూస్తూ, దస్తావేజు చదువుతున్నట్టు.

"తెనాలి స్టేషన్లో అమ్మ సంచి మూతి ఊడిపోయింది. సర్దబోతే రెండు అరటిపువ్వులు. కాశీకి అరటిపువ్వులెందుకే అమ్మా అన్నాను. సంచి గుండెలకి పట్టుకుని నిలబడింది. బాపట్ల చుట్టాలూ లేరు, బృందమూ లేదు. ఎవరినో ఒకరిని అడిగి రేపల్లె పోదామనుకుంది, అంతే. రేపల్లె టిక్కెట్టు నేనే కొన్నాను. అమ్మతో పాటు నేనూ ఎక్కాను. అక్కడ స్టేషన్లో రిక్షా ఎక్కించి, అటునుంచి అటే వచ్చేశాను. ఇంటిదాకా వెళ్ళలేదు."

"ఎందుకు వెళ్ళలేదు?"

"వెళ్తే ఏడుస్తాను. అది నవ్వుద్ది." 

ముందున్న కాయితాలు దొంతిగా సర్దాడు. "పద్దెనిమిది రోజులకి మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చాను. ఎవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. అమ్మ పోయాక చెబుదామనుకున్నాను. చెబితే, మరి నువ్వెందుకు వెళ్ళలేదురా ఇన్నాళ్ళూ అంటారు కదా."

లోపల దేవుడి గూట్లో గంగ చెంబు కనిపిస్తోంది. ఇన్నేళ్ళుగా పసుపు రాసి బొట్టు పెడుతున్న చెంబు. నేను దాని వంక చూడటం సాహితి చూసింది.

"అయితే తాతయ్యా, అందులో..."

"కృష్ణ" అన్నాడు అన్నయ్య. "కొల్లూరు రేవులో నేనే ముంచాను. మూత తెనాలి బజార్లో అతికించాను. తాళ్ళూ అక్కడే కొన్నాను."

ఆ తాడు నేను ఆరు నెలలు చేతికి ఉంచుకున్నాను, స్నానానికి కూడా తీయకుండా. సాయిసుధ గుమ్మంలో నిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏమో నాకు తెలియలేదు. నేను మాత్రం నవ్వాను. తర్వాత గుర్తొచ్చింది. నాన్న పోయేటప్పుడు అలాంటి చెంబే ఇంకోదాని మూత ఊడదీసి నోట్లో పోశాం. అమ్మ రెండు తెచ్చింది.

"నాన్నకి కూడా..." అన్నాను.

"నాన్న ఆ చెంబుకి ఒక్కరోజైనా దణ్ణం పెట్టాడా వసూ? ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. ఊళ్ళో ఏ గుడి ముందు నుంచి వెళ్ళినా చెప్పులు విప్పే మనిషి, ఇంట్లో గంగకి ఒక్కరోజూ దణ్ణం పెట్టలేదు. అమ్మ కాశీ నుంచి వచ్చిన రోజు అరుగు మీద కూర్చుని, అంతా క్షేమమేనా అని ఒక్క మాట అడిగాడు. అంతా క్షేమమే, ఆడపిల్ల అంది అమ్మ. ఎవరికో దారిలో కాన్పయిందేమో అనుకున్నాను నేను, పద్దెనిమిదేళ్ళదాన్ని.

చెంబు తీసేద్దామా అంది సాయిసుధ. ఉండనీ అన్నాడు అన్నయ్య, కృష్ణ మాత్రం నది కాదా అని.

మర్నాడు పొద్దున్నే సాహితిని పిలిచి కంప్యూటర్ తెరవమన్నాడు. అమ్మ పేరు కింద "అరటిపువ్వు ఆవకూర" అని రాయించాడు. "సంతానం: ఇద్దరు" దగ్గర తానే వేలు పెట్టి చూపించాడు. సాహితి కొట్టేసి "ముగ్గురు" అని కొట్టింది. బ్లెస్సీకి ఫోన్ చేసి పుట్టిన తేదీ, వాళ్ళ నాన్న పూర్తి పేరు కనుక్కుంది. శ్రావణంలో వస్తావా అని అన్నయ్య ఫోను అందుకుని అడిగాడు. వస్తాను మావయ్యా, ఏం తెమ్మంటారు అందట. ఆవ తక్కువ వెయ్యి అన్నాడు. 

మా పుస్తకంలో ప్రతి ఆడపిల్ల పేరు కింద ఒక వాక్యం ఉంటుంది, ఏ ఊరు ఇచ్చామో, ఏ సంవత్సరమో. అక్క దగ్గర ఏం రాయాలో అన్నయ్యకి తోచలేదు. ఇచ్చాం అని రాయడానికి మేం ఇవ్వలేదు. నువ్వు రాయి వసూ, ఇన్ని పొట్లాలు చదివావు కదా అని కాయితం నా ముందుకి తోశాడు. రెండు కళ్ళజోళ్ళూ మార్చి చూసుకుని, పెన్ను పట్టుకుని, ఆ పూటంతా కూర్చుని మూడు వాక్యాలు రాశాను. మొన్న పుస్తకం చేతికొచ్చింది. పన్నెండో పేజీలో, నేను రాసింది రాసినట్టే ఉంది.

ప్రమీలారాణి, కోటయ్య సీతారావమ్మల రెండో సంతానం, 1966 జూన్ తొమ్మిదో తేదీ గురువారం కొల్లూరు ఇంటి నుంచి చెల్లెలి రిబ్బనుతో కట్టిన సంచి తీసుకుని వెళ్ళింది. 2011 ఆగస్టు 23న రేపల్లెలో చనిపోయింది. ఈ మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి తిరిగి రాలేదు.